బార్ ఉన్న హోటల్లో నాన్నగారి రిటైర్మెంట్ డిన్నర్

ప్రశ్న: "వచ్చే నెల మా నాన్నగారి రిటైర్మెంట్. శ్రీకాకుళంలో దగ్గరవాళ్ళు పాతికమందికి హోటల్లో డిన్నర్ ఇద్దామనుకుంటున్నాం. బార్ అండ్ రెస్టారెంట్ అయితే ఆడవాళ్ళకి, పిల్లలకి ఇబ్బందవుతుందా?"

పెట్టుకోండి. బార్ ఉన్న హోటలే చూసుకోండి, మొహమాటం అక్కర్లేదు. కానీ పాతికమందీ ఒకే గదిలో కూర్చుంటారంటేనే అడ్వాన్సు ఇవ్వండి. మగవాళ్ళు కింద బార్లో, ఆడవాళ్ళు పైన ఫ్యామిలీ సెక్షన్లో అంటే మాత్రం వద్దు. ఆ డబ్బుతో ఇంటి ముందు షామియానా వేయించి వంటవాళ్ళని పెట్టుకోండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా నాన్న పార్టీ నా చేతులతోనే పాడైంది.

మా నాన్న లెక్కల మాస్టారు. 2024 ఫిబ్రవరి 29న రిటైరయ్యారు. 60 ఏళ్ళకే దిగిపోవాల్సింది, 2022లో ప్రభుత్వం 62 చేసింది, అమ్మ ఇంకో రెండేళ్ళు ఎదురుచూసింది. ఎదురుచూడటం అని ఎందుకన్నానంటే, సర్వీసులో సగం పైగా నాన్న వారమంతా ఎక్కడో ఊళ్ళో అద్దె గదిలో ఉండేవారు. శనివారం రాత్రి బస్సు దిగి ఇంటికొచ్చేవారు, సోమవారం తెల్లవారకుండానే మళ్ళీ బస్సు కాంప్లెక్స్‌కి బయల్దేరేవారు. మమ్మల్ని పెంచింది, నాయనమ్మని చూసుకున్నది, కరెంటు బిల్లు దగ్గర్నుంచి మా కాలేజీ ఫీజుల దాకా చక్కబెట్టింది అమ్మే. స్కూల్లో శాలువా, దండ, సన్మానం అన్నీ బాగానే జరిగాయి. కానీ అక్కడ అమ్మని స్టేజీ మీద ఒక పక్కన కుర్చీలో కూర్చోబెట్టి పూలగుత్తి ఇచ్చారు, అంతే. అందుకే నేనూ తమ్ముడూ డబ్బులు వేసుకుని ఆ ఆదివారం, మార్చి 3న, ఊళ్ళోని ఒక హోటల్లో డిన్నర్ పెట్టాం. కింద బార్, పైన రెస్టారెంట్. రెండూ ఉన్నాయి కదా, అందరికీ బాగుంటుందనుకున్నాను.

ఏడున్నరకల్లా చేరాం. టెక్కలి నుంచి చిన్నాన్న వాళ్ళు, నరసన్నపేట నుంచి మావయ్య, నాన్నతో పనిచేసిన మాస్టార్లు ఆరుగురు. వచ్చిన పది నిమిషాలకే చిన్నాన్న నాన్న భుజం మీద చెయ్యేసి, "అన్నయ్యా, అలా కిందకెళ్ళి వచ్చేద్దాం, అరగంట" అన్నాడు. నాన్న తాగరు. అయినా ఆయన కోసం వచ్చినవాళ్ళాయె, కాదనలేకపోయారు. మగవాళ్ళు పదకొండు మంది దిగి వెళ్ళిపోయారు, మా తమ్ముడితో సహా. పైన ఆడవాళ్ళం, పిల్లలం, నాయనమ్మ మిగిలాం.

ఆ ఎదురుచూపు మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ముందు సూప్ తెప్పించాం. అది అయిపోయింది. పిల్లలు టిష్యూ పేపర్లు చింపి పడవలు చేశారు, అవీ అయిపోయాయి. నాయనమ్మకి ఎనభై నాలుగేళ్ళు, షుగరు. ఎనిమిదికి మాత్ర వేసుకుని తినాలి. "పెద్దోడు రానీ" అని కూర్చుంది. అమ్మ కొత్త పట్టుచీర కట్టుకుంది. పక్క కుర్చీలో హ్యాండ్‌బ్యాగ్ పెట్టి నాన్న కోసం ఆపింది. ఎవరు కూర్చోబోయినా "అది మాస్టారిదమ్మా" అనేది. ఎనిమిదిన్నర దాటాక మా టేబుల్ చూసే బేరర్ వచ్చి, మేము అడక్కుండానే ఒక గిన్నెలో పెరుగన్నం, పక్కన కొంచెం ఉప్పు పెట్టి, "మామ్మగారు ఆకలికి తాళలేరు కదమ్మా, ముందు తిననివ్వండి" అన్నాడు. ఆ రాత్రి ఆ హోటల్లో మర్యాద తెలిసిన మనిషి అతనొక్కడే.

ఫోన్లు చేస్తే ఎవరూ ఎత్తలేదు. తొమ్మింపావుకి నేనే కిందకి దిగాను. నల్ల ఫిల్మ్ అంటించిన అద్దం తలుపు. దాని ముందున్న కుర్రాడు, "లేడీస్ లోపలికి రారమ్మా, ఎవరు కావాలో చెప్పండి, పిలుస్తాను" అన్నాడు. "మా నాన్న కావాలి" అని లోపలికి వెళ్ళిపోయాను.

అప్పట్లో మద్యం షాపులు ప్రభుత్వమే నడిపేది. 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు దాకా మగవాళ్ళు ఎక్కడ కలిసినా తెలిసిన బ్రాండ్ దొరకడం లేదన్న గొడవే. కింద కూడా అదే నడుస్తుంటుందనుకున్నాను. కాదు. పెసరపప్పు వేపుడు, కీర ముక్కలు, చేప ముక్కల ప్లేట్ల మధ్య అందరూ నిశ్శబ్దంగా కూర్చున్నారు. టేబుల్ చివర నాన్న. ఆయన ముందు బీరు గ్లాసు నిండుగా అలాగే ఉంది, నురగ ఎప్పుడో పోయింది. తెలుగు మాస్టారు ఒకాయన మాట్లాడుతున్నారు, కళ్ళు తుడుచుకుంటూ. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను.

ఆయన చెబుతున్నది తిత్లీ తుపాను సంగతి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి గుర్తుందా, అప్పుడు నాన్న మందస వైపు ఒక హైస్కూల్లో పనిచేసేవారు. దసరా సెలవులకి ఇంటికొచ్చి ఉన్నారు. తుపాను వెళ్ళిన మర్నాడే "స్కూల్లో పనుంది" అని బయల్దేరారు. నాలుగు రోజులు ఫోన్ లేదు, కబురు లేదు. ఆ నాలుగు రోజులూ అమ్మ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలిగించలేదు, అది నాకు తెలుసు.

"దారికి అడ్డం పడ్డ కొబ్బరి మానులు నరుక్కుంటూ నడిచొచ్చాడండీ ఈయన" అంటున్నారు తెలుగు మాస్టారు. "స్కూలు తాళం తీసి, ఇళ్ళు ఎగిరిపోయినోళ్ళని గదుల్లో పెట్టాడు. మధ్యాహ్న భోజనం బియ్యం వండించాడు. తడిసిపోయిన పిల్లల పుస్తకాలు వరండాలో ఆరబెట్టి, పేజీకి పేజీ విడదీసుకుంటూ కూర్చున్నాడు. పదో తరగతి గుంట ఒకత్తి, పుస్తకాలన్నీ కొట్టుకుపోయాయని బడి మానేస్తానంటే, మళ్ళీ శ్రీకాకుళం వచ్చి సెట్టు కొని పట్టుకెళ్ళాడు. ఆ గుంట ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది."

నాన్న తలెత్తలేదు. తెలుగు మాస్టారు ఆపాక నన్ను చూసి, "ఏటమ్మా, నువ్విలా వచ్చేశావు?" అన్నారు. "ఈ మాట పైకొచ్చి అమ్మకి చెప్పండి మాస్టారూ" అన్నాను. వచ్చారు పాపం. కానీ పైన ట్యూబ్‌లైట్ల వెలుగులో, అలసిపోయిన ఆడవాళ్ళ ముందు, నిద్రకి ఏడుస్తున్న పిల్లల మధ్య ఆయనకి నోరు పెగల్లేదు. "మాస్టారు చాలా మంచివారండీ, అదృష్టవంతులు మీరు" అని కూర్చుండిపోయారు. పది దాటింది. కేకు మీద క్రీము జారిపోయింది. బిర్యానీ చల్లారింది. పదిన్నరకి లేచిపోయాం.

నాన్న గురించి జీవితంలో ఎవరైనా చెప్పిన అతి గొప్ప మాట, అమ్మ వెళ్ళకూడని గదిలో చెప్పారు. దాని కోసమే పార్టీ పెట్టాను నేను. ఆ మాట కోసమే.

బిల్లు సంగతి కూడా చెప్పాలి. అడగకుండానే పది శాతం సర్వీస్ ఛార్జి వేశారు. అలా దానంతటదే బిల్లులో కలపకూడదని వినియోగదారుల పరిరక్షణ అథారిటీ 2022 జులైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే ఖాయం చేసింది. తీసేయమని అడగండి, తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. మేనేజరు గొణిగాడు గానీ తీశాడు. ఆ పెరుగన్నం తెచ్చిన బేరర్‌కి టిప్పు చేతికే ఇచ్చాను. ఇంకొకటి, భోజనం మీద జీఎస్టీ ఉంటుంది గానీ మద్యం జీఎస్టీలోకి రాదు, దానికి రాష్ట్రం వ్యాట్ వేరే. రెండు బిల్లులూ కలిపేసి మొత్తం మీద జీఎస్టీ వేస్తే ఊరుకోవద్దు.

మెనూ చూస్తే ఏడుపొస్తుంది. మన ఊళ్ళో హోటల్, మంచూరియా నాలుగు రకాలు, పనీర్ ఆరు రకాలు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఏది? పక్కనే సముద్రం పెట్టుకుని మంచి చేపల పులుసు ఏది? బయటివాళ్ళు మన జిల్లాకి వచ్చి మన తిండి తినకుండానే తిరిగి వెళ్ళిపోతున్నారు. పలాస జీడిపప్పు వేపుడు ఒక్కటే మనదని చెప్పుకోవడానికి దొరుకుతోంది, అదీ బార్ మెనూలో.

ఇంటికి ఆటోలో వెళ్తూ, కింద విన్నదంతా అమ్మకి చెప్పాను. నాన్న ముందు సీట్లో డ్రైవర్ పక్కన కూర్చున్నారు, ఆయనకి వినబడిందో లేదో. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. అరసవల్లి రోడ్డు తిరిగాక, "దసరా సెలవుల్లో స్కూల్లో పనేటని అడిగాను, చెప్పలేదే" అంది. అంతే. నా నోటి నుంచి వినడం వేరు, నలుగురిలో, నాన్న పక్కన కూర్చుని వినడం వేరు. అది నేను ఆవిడకి ఇవ్వలేకపోయాను.

పోయిన ఏడాది అమ్మానాన్నల పెళ్ళిరోజు తమ్ముడి ఉద్యోగం విజయనగరంలో కాబట్టి అక్కడే చేశాం. ఈసారి ముందే వెళ్ళి అడిగాను. లైసెన్సు ఏ గదులకి ఉందో అక్కడే మద్యం ఇస్తారు, కాబట్టి "మా హాల్లో ఇస్తారా?" అని ముందే తేల్చుకోవాలి. ఇస్తామన్న చోటే తీసుకున్నాం. ఒకే పొడవాటి టేబుల్, అమ్మానాన్న మధ్యలో. తాగేవాళ్ళు అక్కడే, అందరి ముందూ తాగారు. చిన్నాన్న మొదట సిగ్గుపడ్డాడు, రెండు పెగ్గులతో ఆపేశాడు. ఇంట్లో ఆడవాళ్ళు ఎదురుగా ఉంటే మగవాళ్ళు తక్కువ తాగుతారు, మాట బాగా మాట్లాడతారు. ఇందులో నాకు అనుమానమే లేదు, ఆ రాత్రి చూశాను. పెళ్ళిచూపుల రోజున నాన్న ఒక్క ముక్క మాట్లాడలేదని మావయ్య చెబుతుంటే అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పిల్లలకి ముందే పెట్టేయమన్నాను, ఎనిమిదికల్లా తినేశారు.

మావయ్యకి ఆ రాత్రి బండి ఇవ్వలేదు, తమ్ముడి ఇంట్లోనే పడుకోబెట్టాం. మీరూ ఎవరి బండి తాళాలు ఎవరి దగ్గర ఉండాలో ముందే అనుకోండి. రక్తంలో వంద మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, మొదటిసారికే పదివేల జరిమానా. హైవే మీద రాత్రి లారీలు ఎలా వస్తాయో మన జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు.

మీకు చెప్పేది ఒక్కటే ముఖ్యం. మీ నాన్నగారితో పనిచేసినవాళ్ళలో ఆయన్ని బాగా ఎరిగినవారు ఎవరో ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి. ఆయన్ని మీ అమ్మగారికి ఎదురుగా ఉండే కుర్చీలో కూర్చోబెట్టండి. అన్నం రాకముందే ఆయన చేత మాట్లాడించండి. జీడిపప్పు వేపుడు మాత్రం వెళ్ళగానే చెప్పేయండి, అది తేవడానికి చాలా ఆలస్యం చేస్తారు.