కాపిటెల్లా గుంపు చూసి తొందరపడకు

అమ్మాయీ,

లాగూన్‌లో పూడిక తీశాక పాలీకీట్ పురుగులు (బురదలో బతికే, ఒళ్లంతా కణుపులుండే సముద్రపు పురుగులు) ఎలా తిరిగొస్తాయో చూస్తానన్నావు, మంచిది. పడవ ఎక్కేముందు ఒక్క సంగతి. లాగూన్ మామూలు రోజుల్లోనూ కుదురుగా ఉండదు. మొగ మూసుకుంటే ఉప్పదనం మారిపోతుంది, వేడి రోజుల్లో తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. అక్కడ బతికేవి చాలావరకు మొండి జాతులే. కాబట్టి చెడిన బురదలో ముందుగా గుంపులుకట్టే చిన్న పాలీకీట్, కాపిటెల్లా, కనిపించగానే పూడికతీత మీదో, కాలుష్యం మీదో నెట్టేయకు.

అందుకే పోల్చి చూడటానికి పూడిక తీయని చోట్లు మూడైనా ఎంచుకో. లోతు, అడుగున బురద శాతం, ఉప్పదనం దగ్గరదగ్గరగా ఉండాలి. పని మొదలవకముందే అన్నిచోట్లా రెండుమూడుసార్లు నమూనాలు తియ్యి. ఒకే గుంటలో పది కోర్లు (గొట్టం దింపి తీసే బురద నమూనాలు) తీస్తే అవి పది చోట్ల కింద లెక్క కాదు, ఆ ఒక్క గుంట కథే.

10 సెం.మీ. వ్యాసమున్న పారదర్శక గొట్టాన్ని 15 సెం.మీ. లోతుకు దింపు. కోర్‌లోని లెక్కను 127తో గుణిస్తే చదరపు మీటరుకు వస్తుంది; ఒక్క తల తప్పితే 127 తప్పినట్టే. గొట్టం తీయగానే పక్కనుంచి చూడు. పైన గోధుమరంగు, కింద నలుపు. ఆ గీత ఎంత లోతులో ఉందో స్కేలు పెట్టి రాసుకో. నలుపు పైదాకా వచ్చి కుళ్లిన గుడ్డు వాసన కొడితే, లోతుగా బొరియలు తవ్వే పెద్ద పురుగులు అక్కడ ఉండటం కష్టం.

జల్లెడ 0.5 మి.మీ.దే వాడు. 1 మి.మీ. అయితే కొత్తగా దిగిన పిల్లలు జారిపోతాయి, కోలుకుంటున్న చోటు కూడా ఖాళీగా కనిపిస్తుంది. ధారతో కొట్టకు, నీళ్లలో ముంచి ఊపు. మిగిలినదాన్ని ముందు మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచు (లీటరు మంచినీళ్లకు సుమారు 73 గ్రాములు). నేరుగా ఫార్మాలిన్‌లో వేస్తే మెలికలు తిరిగి తెగిపోతాయి. కదలిక ఆగాక ఒక పాలు ఫార్మాలిన్‌కు తొమ్మిది పాళ్లు సముద్రపు నీళ్లు, కొంచెం బోరాక్స్, పురుగులు గులాబీరంగులో కనబడేలా చిటికెడు రోజ్ బెంగాల్ రంగు. చేతులకు గ్లవ్స్ ఉండాలి, గాలి ఆడాలి. కొన్ని రోజుల తర్వాత కడిగి 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చు.

కాపిటెల్లా వెచ్చటి నీళ్లలో నెలా నెలన్నరకే గుడ్లు పెట్టే వయసుకొస్తుంది. పని అయిన రెండు వారాలకు మొదటి నమూనా, ఆపైన నెలనెలా తియ్యి. మూడు నెలలకోసారి వెళితే ఆ ఉప్పెన వచ్చిపోవడం నీకు తెలియనే తెలియదు. పియర్సన్, రోసెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు 1978లో చెప్పిన క్రమం ఇదే: చిన్నవి ముందు విపరీతంగా పెరుగుతాయి, తర్వాత తగ్గి పెద్ద జాతులకు చోటిస్తాయి. తలల సంఖ్యతో సరిపెట్టక బరువు కూడా తూచాలి. లెక్క ఆకాశాన్నంటినా బరువు అంతంతే అయితే ఆ చోటు ఇంకా కోలుకోలేదన్నమాట. తవ్విన చోటు చిన్న మచ్చంతే అయితే దాన్లోకి పక్కనుంచి పెద్ద పురుగులే పాకి వస్తాయి. ఎకరాల మేర తవ్వినచోట లార్వాల కోసం ఆగాలి, అంటే వాటి సీజను రావాలి. బురద నింపిన చిన్న ట్రేలో చూసిన వేగాన్ని మొత్తం లాగూన్‌కు అంటగట్టకు.

జాతి పేరు కాపిటెల్లా కాపిటాటా అని తేలిగ్గా రాసేయకు. ఆ ఒక్క పేరు కింద చాలా జాతులున్నాయని 1976లోనే తేలింది.

తెగిన ముక్కల్లో తలలు మాత్రమే లెక్కపెట్టు. మొదటి మూడు సీసాలు అయ్యాక వాటినే ఇంకొకరిచేత లెక్కపెట్టించు. రెండు లెక్కలూ కలిసేదాకా నాలుగో సీసా తెరవకు.