సిసా: పరీక్ష పాసైతే సరిపోదు, అసలు పని దానికి ముందూ తర్వాతా ఉంది

బీటెక్ చదివి, బ్యాంకు ఐటీ సపోర్టులో 4 ఏళ్లు చేశాక సిసా రాయవచ్చా, ఎంత ఖర్చవుతుంది, పాసయ్యాక ఏటా ఏం చేయాలి, దీని బదులు డిసా (సీఏల సంస్థ ఐసీఏఐ ఇచ్చే ఇలాంటి సర్టిఫికెట్) చేస్తే పోదా అని అడిగారు. (సిసా అంటే కంప్యూటర్ వ్యవస్థలను ఆడిట్ చేసేవాళ్లకు ఐసాకా అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్.)

రాయవచ్చు. పరీక్షకు కూర్చోవడానికి అనుభవం అక్కర్లేదు, సర్టిఫికెట్ చేతికి రావడానికే కావాలి. ఐసాకా అడిగేది ఆడిట్, కంట్రోల్, సెక్యూరిటీ పనుల్లో 5 ఏళ్లు. నాలుగేళ్ల డిగ్రీకి 2 ఏళ్లు తగ్గిస్తారు కాబట్టి మీకు 3 ఏళ్లు చూపిస్తే చాలు. పాసైన 5 ఏళ్లలోపు 50 డాలర్లు కట్టి దరఖాస్తు చేయాలి. అది మంజూరయ్యేదాకా పేరు పక్కన సిసా అని పెట్టుకోకూడదు. రెజ్యూమేలో ‘సిసా పరీక్ష పాసయ్యాను’ అని రాసుకోండి, అంతే.

మీ 4 ఏళ్లూ లెక్కలోకి వస్తాయని మాత్రం అనుకోవద్దు. పాస్‌వర్డ్ రీసెట్లు, ప్రింటర్ టికెట్లు ఎవరూ లెక్కపెట్టరు. యూజర్ యాక్సెస్ రివ్యూ, ఛేంజ్ రిక్వెస్టుల అప్రూవల్ చూడటం, బ్యాకప్ రీస్టోర్ టెస్టు, ఆడిటర్లకు ఆధారాలు ఇవ్వడం లాంటివి చేసి ఉంటే అవి కంట్రోల్ పనులే, ఫారంలో ఆ భాషలోనే రాయండి. సంతకం పెట్టాల్సింది మీ పై అధికారి. హెచ్ఆర్ వాళ్లూ బంధువులూ పనికిరారు. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే: పాసయ్యాక రెండేళ్లకు దరఖాస్తు పెడితే అప్పటికి పాత మేనేజరు ఉద్యోగం మారిపోయి ఉంటాడు. అందుకని ఆయన వ్యక్తిగత ఈమెయిల్ ఇప్పుడే తీసిపెట్టుకోండి.

ఇక పరీక్ష. 4 గంటలు, 150 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 96 సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు, ఏదీ ఖాళీ వదలకండి. పాస్ మార్కు 450. అది 200 నుంచి 800 దాకా ఉండే స్కేలు మీద వేసే స్కోరు, శాతం కాదు. 2024 సిలబస్ ప్రకారం ఐదు డొమైన్లలో (విభాగాల్లో) నాలుగోది (ఆపరేషన్లు, బిజినెస్ రెసిలియన్స్), ఐదోది (సమాచార ఆస్తుల రక్షణ) చెరో 26 శాతం. సగం పరీక్ష అక్కడే ఉంది. మూడోది 12 శాతమే, దాని మీద నెలలు ఖర్చు పెట్టకండి.

సపోర్టు నుంచి వచ్చినవాళ్లు తప్పేది సాంకేతిక విషయాల్లో కాదు. ఉద్యోగం మానేసినవాళ్ల ఐడీలు ఇంకా పనిచేస్తున్నాయని ఆడిటర్ కనిపెట్టాడు, ఫస్ట్ ఏం చేయాలి అని అడుగుతారు. మీ చేయి ‘డిసేబుల్ చేయాలి’ మీదికే పోతుంది. ఆడిటర్ ఏ ఐడీనీ డిసేబుల్ చేయడు. ఆ ఐడీలతో ఎవరైనా లాగిన్ అయ్యారా, ఎంత నష్టానికి అవకాశం ఉంది అని చూసి, ఆ తర్వాత రిపోర్టు చేస్తాడు. తనే సరిదిద్దితే రేపు దాన్ని తనే ఆడిట్ చేయలేడు. ప్రశ్నలో ఫస్ట్, బెస్ట్, మోస్ట్ అనే మాట కనపడగానే ఆగండి, నాలుగు ఆప్షన్లలో రెండు మూడు నిజమే అయి ఉంటాయి. ఆర్‌పీఓ (రికవరీ పాయింట్ ఆబ్జెక్టివ్), ఆర్‌టీఓ (రికవరీ టైమ్ ఆబ్జెక్టివ్) తేడా కూడా కంఠతా పడితే నిలవదు. 15 నిమిషాల డేటాకు మించి పోకూడదని బ్యాంకు అనుకుంటే అది ఆర్‌పీఓ, రాత్రి ఒక్కసారి తీసే బ్యాకప్ దానికి చాలదు. ఎంతసేపట్లో సిస్టం మళ్లీ లేవాలన్నది ఆర్‌టీఓ, స్టాండ్‌బై సైట్ ఎలాంటిది కావాలో తేల్చేది అదే.

పరీక్ష ఫీజు ఐసాకా సభ్యులకు 575 డాలర్లు, కానివాళ్లకు 760. సర్టిఫికెట్ నిలుపుకోవడానికి ఏటా కట్టే మెయింటెనెన్స్ ఫీజు సభ్యులకు 45, కానివాళ్లకు 85. మూడేళ్లకు పరీక్షతో కలిపి తేడా 305 డాలర్లు. సభ్యత్వ రుసుము, హైదరాబాద్ చాప్టర్ (ఐసాకా స్థానిక శాఖ) రుసుము దీనితో పోల్చి నిర్ణయించుకోండి. చాప్టర్ సమావేశాల్లో వచ్చే సీపీఈలు (సర్టిఫికెట్ నిలుపుకోవడానికి చూపించాల్సిన నిరంతర శిక్షణ గంటలు) కూడా లెక్కలో వేసుకోండి.

సీపీఈలు ఏటా కనీసం 20, మూడేళ్లకు 120. చాలామంది మొదటి అంకె మాత్రమే గుర్తుపెట్టుకుంటారు. రెండేళ్లు 20 చొప్పున చేస్తే మూడో ఏడు 80 మీద పడతాయి. ఏటికి 40 అని పెట్టుకుంటే హాయి. 50 నిమిషాలకు ఒకటి, అంటే రెండున్నర గంటల వెబినార్‌కు 3. కంపెనీల ప్రోడక్ట్ ప్రజెంటేషన్లకు ఏడాదికి 10 దాటి ఇవ్వరు. రోజువారీ ఉద్యోగానికి సున్నా. సంబంధిత పరీక్ష ఇంకొకటి పాసైతే పరీక్ష గంటకు 2 చొప్పున వస్తాయి. సర్టిఫికెట్ వచ్చిన ఏడాది లక్ష్యమేమీ ఉండదు, లెక్క వచ్చే జనవరి 1 నుంచి. అయినా మంజూరైన తేదీ తర్వాత ఆ ఏడాదిలో సంపాదించినవి మొదటి ఏడాదికి చూపించుకోవచ్చు.

ఐసాకా కొందరిని ఎంచి ఆధారాలు అడుగుతుంది. మీ పేరు, నిర్వాహకులు, విషయం, తేదీ, గంటలు లేని సర్టిఫికెట్ దండగ, వెబినార్ అయిన రోజే దించుకుని పెట్టుకోండి. మూడేళ్ల సైకిల్ ముగిశాక కూడా ఏడాదిపాటు చెరిపేయకండి.

డిసా సంగతంటారా, అది ఐసీఏఐ తన సభ్యులకిచ్చేది. మీరు సీఏ కాదు కాబట్టి ఆ ఊసు వదిలేయండి.