వినిపించీ వినిపించనంతగా

చిరంజీవి చిట్టితల్లికి,
పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన మాట ఇంకా నా మనసులోనే ఉంది. పొద్దున తొమ్మిదింటికి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే రాత్రికి గానీ తీయడం లేదన్నావు. పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్ చప్పుడు వినపడకుండా పాటలు, ఆ పాటల మీద ఆఫీసు పని, సాయంత్రానికి తలనొప్పి. ముప్పై ఏళ్లు రేడియో కంట్రోల్ రూమ్‌లో శబ్దాన్ని పెంచడం, తగ్గించడమే పనిగా బతికినవాణ్ణి. నాకు తెలిసింది నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాను?

ముందు ఆ ఇయర్‌ఫోన్లు తీసెయ్యి. డ్రిల్లింగ్ మోతను పాటతో గెలవాలంటే పాటను దానికన్నా పెంచాలి. చెవులు పాడయ్యేది అక్కడే. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటలకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నువ్వు వారంలో ఎన్ని గంటలు వింటున్నావో లెక్క వేసుకో. మోత మరీ ఎక్కువైన పూట కిటికీ వేసి వెనక గదిలోకి మారిపో. దానికి సంగీతం మందు కాదు.

మిగతా వేళల్లో సంగీతం వాడుకో. చిన్న స్పీకర్ ఒకటి కొనుక్కో. బల్ల మీద కాదు, గదిలో అవతలి మూలన గోడవైపు తిప్పి పెట్టు. అప్పుడు శబ్దం నేరుగా నీ మీదికి రాకుండా గదంతా పరుచుకుంటుంది. హాయిగా వినిపించే దాకా వాల్యూమ్ పెంచి, అక్కణ్ణుంచి సగానికి తగ్గించు. ఫ్యాన్ తిరిగే చప్పుడు, వీధిలో కూరగాయల బండి కేక దాని మధ్యలోంచి వినపడుతూనే ఉండాలి.

ఇంత తక్కువైతే ఏం లాభం అంటావేమో. బ్రయాన్ ఈనో అనే ఇంగ్లండ్ సంగీతకారుడికి 1975 జనవరిలో ప్రమాదం జరిగింది. కదల్లేక మంచం మీద ఉన్నప్పుడు స్నేహితురాలు ఒకామె హార్ప్ అనే తీగల వాద్యం రికార్డు తెచ్చి ఇచ్చింది. ఆమె వెళ్లాక ఎలాగో దాన్ని పెట్టుకుని పడుకున్నాడు. తీరా వింటే శబ్దం మరీ తక్కువ, ఒక స్పీకర్ పలకడమే లేదు. లేచి పెంచే ఓపిక లేదు. బయట వాన. ఆ వాన చప్పుడులో కలిసిపోయి వినపడుతుంటే, సంగీతం గదిలోని వెలుతురులా కూడా ఉండొచ్చని ఆయనకు తోచిందట. ఆయనే రాసుకున్నాడు. కొన్నేళ్లకు 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' అనే ఆల్బమ్ తెచ్చి, అలా చుట్టుపక్కల వాతావరణంలో కలిసిపోయే సంగీతానికి యాంబియంట్ అని పేరు పెట్టాడు.

అందులో ఒక భాగం చేసిన పద్ధతి నాబోటి టేపులతో బతికినవాడికి ఎంతో ఇష్టం. పాడిన ఒక్కొక్క స్వరాన్ని, కొసలు కలిపి అదే పనిగా తిరిగే ఒక్కో టేపు చుట్టలో పెట్టాడు. ఒకటి ఇరవై మూడున్నర సెకన్లకు, ఒకటి దాదాపు ఇరవై ఆరుకు, ఇంకొకటి దాదాపు ముప్పైకి తిరిగొస్తుంది. వేర్వేరు నడకల ఎద్దుల మెడగంటల్లాగా అవి ఒక్కోసారి ఒక్కోలా కలుస్తాయి. తర్వాత ఏ స్వరం వస్తుందా అని చెవి కాచుక్కూర్చోదు. నీ పనికి కావలసింది అదే.

అందుకే పని వేళ నీకు ప్రాణమైన పాటలు వద్దు. తెలుగు మాట వినపడిందంటే మనసు దాని వెంటే పోతుంది. 1920లో పారిస్‌లో ఎరిక్ సాటీ అనే ఫ్రెంచ్ సంగీతకారుడు ఒక నాటకం విరామంలో ఇలాంటి సంగీతమే వాయింపజేసి, మాట్లాడుకోండి, తిరగండి అని జనాన్ని బతిమాలినా వాళ్లు కూర్చుని వినేశారు. వినబుద్ధయ్యేది పెడితే అంతే. జపాన్ ఆయన హిరోషి యోషిమురా 1982లో చేసిన 'మ్యూజిక్ ఫర్ నైన్ పోస్ట్‌కార్డ్స్' విని చూడు, కీబోర్డు మీద చాలా నెమ్మదిగా సాగుతుంది. అది నచ్చకపోతే ఉత్త తంబురా శ్రుతి చాలు, ఫోన్‌లో దొరుకుతుంది.

తంబురా సంగతి అనుభవం మీద చెబుతున్నాను. పెద్దమ్మకు మోకాలి ఆపరేషన్ అయినప్పుడు, ఆవిడకు ఇష్టమని పొద్దస్తమానం భక్తి పాటలు పెట్టాను. రెండో రోజు "ఆపండి, నొప్పితో పాటు ఇవి కూడా మోయలేను" అంది. అడగకుండా పెట్టడం నా తప్పు. ఆ సాయంత్రం అడిగి, పక్క గదిలో తంబురా పెట్టి తలుపు ఓరగా వేశాను. కాసేపటికి కళ్లు మూసుకుంది. మంచం మీదున్న మనిషి తనంతట లేచి ఆపుకోలేరు కదా, అందుకే ముందు అడగాలి. రేపు మీ అత్తగారికి బాగోలేకపోయినా ఇదే గుర్తుపెట్టుకో.

నిద్రకు పెట్టుకుంటే అరగంటకు ఆగిపోయేలా టైమర్ పెట్టు. రాత్రంతా మోగనివ్వకు.

స్పీకర్ పెట్టాక దాన్ని ఆపకుండానే నాకు ఫోన్ చెయ్యి. ఇక్కడ నాకు వినపడిందంటే ఇంకొంచెం తగ్గించాలి.

మీ పెదనాన్న