ఊళ్ళో చారిటీ రన్: పరిగెత్తాలా, వలంటీరుగా నిలబడాలా?

అమలాపురం దగ్గర మీ ఊళ్ళో, డయాలసిస్‌కి వెళ్ళే పేదవాళ్ళ ఆటో ఖర్చుల కోసం సంక్రాంతి అయ్యాక 5 కిలోమీటర్ల రన్ పెడుతున్నారని రాశారు. ఇంతవరకూ ఎప్పుడూ పరిగెత్తలేదు, పరిగెత్తాలా, వలంటీరుగా ఉండాలా అని అడిగారు. మాది పాలకొల్లు వైపు. ఇలాంటి వాటిలో నేను పరిగెత్తాను, అంతకన్నా ఎక్కువగా రోడ్డు మీద నిలబడి పనిచేశాను. రెండు నెలల టైమ్ ఉంటే పరిగెత్తండి. మూడు వారాలే ఉంటే వలంటీరుగా పేరివ్వండి, లేదా నడవండి. ఊరి రన్‌కి వచ్చేవాళ్ళలో చాలామంది జీవితంలో మొదటిసారి పరిగెత్తేవాళ్ళే. అందుకే నెమ్మదిగా వచ్చేవాళ్ళని దృష్టిలో పెట్టుకునే అంతా సిద్ధం చేయాలని నా గట్టి అభిప్రాయం.

ప్రాక్టీసు వారానికి మూడు రోజులు చాలు, మధ్యలో విశ్రాంతి ఉండాలి. మొదట ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా అరగంట. వారం వారం పరుగు కొంచెం పెంచుతూ, నడక తగ్గిస్తూ పోండి. పక్కవాళ్ళతో మాట్లాడుతూ పరిగెత్తగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. కుర్రాళ్ళతో పోటీ పడితే మోకాళ్ళు పట్టేస్తాయి, రెండో వారానికే మానేస్తారు. బీపీ, షుగర్ ఉంటే ముందే డాక్టరుని అడగండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు జేబులో గ్లూకోజ్ పొట్లం పెట్టుకోవాలి, పరుగులో షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. బూట్లు ఆ రోజు కొత్తవి వేసుకోవద్దు. తొడలు ఒరుసుకునే చోట వ్యాజిలైన్ రాసుకోండి. కాటన్ బనియన్ చెమటకి తడిసి బరువెక్కుతుంది, త్వరగా ఆరే బట్ట నయం. పొద్దున్నే రెండు ఇడ్లీలో, ఒక చక్కెరకేళి పండో గంటన్నర ముందు తింటే సరిపోతుంది.

మన దగ్గర ఎండకన్నా ఉక్కపోతే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, గాలిలో తేమ ఎక్కువుంటే అది ఆరదు. జనవరి కాబట్టి కొంత నయమే, కానీ ఎండెక్కాక చివర వచ్చేవాళ్ళే అవస్థ పడతారు. అలాగని చీకట్లో మొదలుపెట్టొద్దు. ఆ రోజుల్లో మంచు దట్టంగా పడుతుంది, కాలువ గట్టు మీద పది అడుగుల ముందేముందో కనపడదు. ఆరున్నర ప్రాంతంలో తెల్లారాక, దారి స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు మొదలుపెడితే మంచిది.

దారి విషయంలో కమిటీవాళ్ళతో గట్టిగా మాట్లాడండి. గట్టు రోడ్డు చూడ్డానికి బాగుంటుంది గానీ చాలాచోట్ల పక్కన పిట్టగోడ ఉండదు. పిల్లలు పరిగెత్తే రన్ అయితే ప్రతి మలుపులోనూ, ప్రతి వంతెన దగ్గరా కాలువ వైపు ఒక పెద్దమనిషి నిలబడాల్సిందే. కోతల కాలం ఆలస్యమైతే రైతులు ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు. ధాన్యం మీద కాలు వేస్తే జారుతుంది, రైతుకీ నష్టం. రెండు రోజుల ముందు వాళ్ళ ఇంటికే వెళ్ళి, "బాబాయ్, ఆదివారం పొద్దున్న ఒక్క రెండు గంటలు పక్కకి లాగుతారా" అని అడిగితే కాదనరు. అది మైకులో చెప్పే పని కాదు. చేపల లారీలు పోయే దారైతే రోడ్డు మీద నీళ్ళు కారి ఉంటాయి, పొద్దున్నే ఒకసారి బండి మీద చూసి రావాలి. కొబ్బరి చెట్ల కింద నీళ్ళ టేబుల్ పెట్టొద్దు, కాయ పడితే ప్రాణం మీదకొస్తుంది. పోలీసులకి ముందే లెటర్ ఇవ్వండి, పాల వ్యానువాళ్ళకీ చెప్పండి.

నీళ్ళ టేబుల్ ప్రతి రెండు కిలోమీటర్లకి ఒకటి ఉండాలి. ఓఆర్ఎస్ కలిపేటప్పుడు పొట్లం మీద రాసినన్ని నీళ్ళే పోయండి, పెద్ద పొట్లమైతే లీటరు. రుచి కోసం తగ్గించినా పెంచినా దాని పని అది చేయదు. కొబ్బరి బొండాలు మనకి ఉచితంగానే వస్తాయి. వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. బాగా చెమట పట్టినవాళ్ళకి ఉప్పేసిన మజ్జిగ కూడా ఇవ్వండి.

ఇక్కడొక విషయం అందరికీ చెప్పండి. డయాలసిస్ పేషెంట్లని స్టేజీ మీదకి పిలిచి గౌరవంగా కొబ్బరి బొండం, అరటిపండు చేతిలో పెడుతుంటారు. కిడ్నీలు పనిచేయని మనిషి ఒంట్లో, వాటిలో ఉండే పొటాషియం పేరుకుపోతే గుండె లయ తప్పుతుంది. నీళ్ళు కూడా వాళ్ళు లెక్క ప్రకారమే తాగాలి. వాళ్ళకి ఏమివ్వాలో వాళ్ళనో, ఇంట్లోవాళ్ళనో అడిగి ఇవ్వండి. నీడలో కుర్చీ వేసి, ఎక్కువసేపు కూర్చోబెట్టకుండా పంపించండి.

ఫినిష్ దగ్గర తప్పకుండా ఉండాల్సింది ఐసు. రొయ్యలు, చేపలు పంపే ఊళ్ళలో ఐసుకి కరువుండదు. రెండు థర్మోకోల్ పెట్టెలు, తువ్వాళ్ళు, బకెట్ల నీళ్ళు సిద్ధంగా పెట్టుకోండి. ఎవరైనా తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ వస్తే నీరసం అనుకోవద్దు, వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకి చేర్చి ఒంటి మీద నీళ్ళు పోసి, మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐసు తువ్వాళ్ళు పెట్టి, గాలి తగిలేలా విసురుతూ ఉండాలి. అదే సమయంలో ఒకరు 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు. గుండెల్లో నొప్పి అన్నవాళ్ళని ఇక అడుగు వేయనివ్వొద్దు.

మీరు వలంటీరుగానే ఉంటే, అందరికన్నా చివర సైకిల్ మీద వచ్చే పని అడిగి తీసుకోండి. చివరి మనిషి వెనకాలే ఉండాలి, తొందరపెట్టకూడదు, ఒంటరిగా వదలకూడదు. ఆ మనిషి దాటేదాకా నీళ్ళ టేబుళ్ళు ఎత్తేయకుండా చూడటం కూడా మీ పనే. డెబ్భై ఏళ్ళ మామ్మగారు మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చేసరికి టెంట్ విప్పేస్తుంటే నాకు బాధేస్తుంది. ఆవిడా అదే కారణం కోసం డబ్బు కట్టారు కదా. మెడల్స్ మొదటి వరసవాళ్ళకే అయిపోకుండా కొన్ని పక్కన పెట్టమనండి.

డబ్బు సంగతి ముందే తేల్చుకోవాలి. టీషర్టులు, ఫ్లెక్సీలు, డీజే ఖర్చు రిజిస్ట్రేషన్ ఫీజునంతా తినేస్తాయి. టీషర్టు వద్దన్నవాళ్ళకి వద్దనే అవకాశం ఇవ్వండి, ఆ డబ్బు ఆటో ఖర్చులకి పోతుంది. డయాలసిస్ సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుంది. వైద్యం ఉచితంగా దొరికినా దారి ఖర్చు, తోడు వెళ్ళినవాళ్ళు పోగొట్టుకున్న కూలీ మిగిలే ఉంటాయి. ఎంత వచ్చింది, దేనికెంత పోయింది, ఎన్ని ట్రిప్పులకి ఇచ్చారు అన్నది బిల్లులతో సహా వారంలోగా వాట్సాప్ గ్రూపులో పెట్టి, పంచాయతీ బోర్డు మీద కూడా అంటించండి. సాయం పొందినవాళ్ళ పేర్లు, ఫోటోలు మాత్రం అందులో వద్దు.