తలుపు వెనుక ఎవరితో మాట్లాడుతున్నారు?

పగలు పాఠశాలలో ఉద్యోగం చేసి, సాయంత్రం 6 నుంచి 10 గంటల వరకు ఇంటి నుంచే ఒక సంస్థకు కస్టమర్ కేర్ పని చేస్తున్న ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. సరిగ్గా కాల్ నడుస్తున్నప్పుడే అత్తగారు తలుపు తడతారని, టీవీ శబ్దం పెంచుతారని, ‘మా కోడలు రోజూ గది తలుపేసుకుని ఎవరితోనో తియ్యగా మాట్లాడుతుంది’ అని బంధువులతో అన్నారని ఆమె బాధ. కాల్స్‌లో ఇంటి శబ్దాలు వినపడినందుకు క్వాలిటీ స్కోరు తగ్గి గత నెల ఇన్సెంటివ్ పోయిందట. కాల్స్ వదిలి చాట్ పనికి మారితే ఈ గొడవ తీరుతుందా అని అడిగారు.

తీరదమ్మా. చాట్‌లో టీవీ శబ్దం ఎవరికీ వినపడదన్న మాట నిజమే. అయితే అక్కడ ఒకేసారి ఇద్దరు ముగ్గురు కస్టమర్లకు జవాబులు టైప్ చేయవలసి వస్తుంది. ఒకరికి పంపవలసిన వివరం మరొకరికి వెళ్లకుండా చూసుకోవాలి. తలుపు అప్పుడూ మూసే ఉంచాలి. ఇప్పుడు కనీసం మీ గొంతైనా బయటికి వినపడుతోంది. రేపు అదీ లేకుండా నాలుగు గంటలు గదిలో ఉంటే, ఆమె అనుమానం తగ్గుతుందని ఎలా అనుకుంటున్నారు?

మీ ఉత్తరంలో మూడు పేజీలు అత్తగారి గురించే ఉన్నాయి. మీ వారి గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం: ‘ఆయన మంచివారే, కానీ తమ్ముడి వ్యాపారం కోసం చేసిన అప్పు సంగతి బయటపడుతుందని, ఈ ఉద్యోగం గురించి అమ్మకు చెప్పవద్దన్నారు.’ నేను అక్కడే ఆగిపోయాను. ఏడు నెలలుగా మీరు చేస్తున్నది ఉద్యోగమని ఆ పెద్దావిడకు తెలియనే తెలియదు. కోడలు బడి నుంచి వచ్చి, పిల్లలకు అన్నం పెట్టి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని రాత్రి పది దాకా ఎవరితోనో మాట్లాడుతూ ఉంటే, అసలు విషయం ఎవరూ చెప్పని ఇంట్లో ఆమె ఏమనుకోవాలి? ఆమె మీ గురించి బంధువుల దగ్గర అలా మాట్లాడడం తప్పే, దాన్ని నేను సమర్థించను. కానీ ఆమె చేత ఆ మాట అనిపించింది కొడుకు మౌనం.

అన్నగా ఆయన తమ్ముడిని ఆదుకోవడాన్ని నేను తప్పుపట్టను. ఇంటి అప్పు తీర్చడానికి భార్య చేయి కలపడం కూడా నాకు గౌరవంగానే కనిపిస్తుంది. ఆయన చేసిన తప్పు వేరు. తల్లి ముందు తన పేరు చెడకూడదని, మీ పేరు చెడుతూ ఉంటే చూస్తూ ఊరుకున్నారు. బంధువుల మధ్య ఆ మాట వచ్చిన రోజు ఆయన అక్కడే ఉన్నారని మీరే రాశారు. ఆ ఒక్క క్షణమైనా నోరు విప్పవలసింది.

ఇది దాచి చేయగలిగిన పని కూడా కాదు. ప్రతి కాల్ రికార్డవుతుంది. లాగిన్‌లో లేని ప్రతి నిమిషమూ లెక్కలోకి వస్తుంది. కస్టమర్ల చిరునామాలు, ఖాతా వివరాలు తెర మీద ఉంటాయి కనుక గదిలోకి ఇంట్లోవాళ్లు కూడా రాకూడదు. ఇన్ని కట్టుబాట్లున్న పనికి ఇంటిల్లిపాదీ సహకారం కావాలి, తెలియని పనికి ఎవరు మాత్రం సహకరిస్తారు? పైగా అవతలివారు కోపంతో అరుస్తున్నా మీ గొంతులో నవ్వు తగ్గకూడదు. ఇలా జీతం కోసం మనసును అదుపులో పెట్టుకోవడాన్ని సామాజిక శాస్త్రం 1983 నుంచి ‘భావోద్వేగ శ్రమ’ అనే పేరుతో చర్చిస్తోంది. ఆ శ్రమనే మీ అత్తగారు తలుపు బయట నుంచి విని తియ్యటి కబుర్లు అనుకున్నారు. ‘కాసేపు ఫోన్‌లో మాట్లాడటమే కదా’ అని మీ వారు కూడా అన్నారని రాశారు. ఇంటి నుంచి పనిచేసేవారిని మిగతా వేతన కార్మికులతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఒక ఒప్పందాన్ని ఆమోదించింది. ఆ సమానత్వం ముందుగా మీ ఇంట్లో, మీ జీతంతో అప్పు వాయిదా కడుతున్న మనిషి దగ్గర మొదలవ్వాలి.

అందుకే ఇప్పుడు ఉద్యోగం మార్చకండి, మానేయకండి. మీకు వారాంతపు సెలవు ఉన్న రోజున, పిల్లలు నిద్రపోయాక, మీ వారితో మాట్లాడండి. అప్పు ఎంత మిగిలింది, ఇంకా ఎన్ని నెలలు కట్టాలి, అందులో మీ జీతం నుంచి ఎంత పోతోంది అన్నవి ఒక కాగితం మీద ఇద్దరూ కలిసి రాసుకోండి. ఆ తరువాత ఆయన వారం రోజుల్లో తల్లికి రెండు విషయాలు చెప్పాలి: అప్పు చేసినది తానని, దాన్ని తీర్చడానికి మీరు సాయంత్రాలు పనిచేస్తున్నారని. మరిది గురించి ఎంత చెప్పాలన్నది ఆ అన్నదమ్ములు తేల్చుకుంటారు, అందులో మీరు కలగజేసుకోనక్కర లేదు. వారం దాటినా ఆయన చెప్పకపోతే మీరే చెబుతానని ముందుగానే స్పష్టంగా తెలియజేయండి, తెలియజేసినట్టే చేయండి.

ఆయన చెప్పే సమయంలో మీరూ ఆ గదిలో ఉండండి. అత్తగారు కోప్పడవచ్చు, ఇన్నాళ్లూ దాచినందుకు ఏడవవచ్చు. మీ వారు మధ్యలో తడబడి మీ వైపు చూస్తారు. అప్పుడు మాత్రం ఆయన వాక్యాన్ని మీరు పూర్తి చేయకండి.