బడి బోర్డు మీది పేరుకు పూచీ ఎవరిది?

ప్రత్యామ్నాయ విద్యాపద్ధతుల్లో నడిచే బడుల గురించి పాఠకులు పంపిన లేఖల్లో మూడింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: మా బాబుకు ఈ జూన్‌కి మూడేళ్లు నిండుతాయి. మా కాలనీలో రెండు బడులు ‘మాంటిస్సోరి’ అని బోర్డు పెట్టుకున్నాయి. ఒకదాని ఆఫీసు గదిలో అంతర్జాతీయ సంఘం వారి సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి ఉంది. ఫీజు మాత్రం రెండోదానికి రెట్టింపు. ఆ సర్టిఫికెట్ చూసి అసలైన మాంటిస్సోరి బడి అని నమ్మవచ్చా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: ముందుగా ఆ ఫ్రేములోని కాగితం మీద ఎవరి పేరు ఉందో చదవండి. అది బడి పేరు కావచ్చు, ఒక టీచరు పేరు కావచ్చు. టీచరు పేరైతే అది శిక్షణ పూర్తి చేసినందుకు ఇచ్చిన డిప్లొమా. అది ఆమె చదువుకు గుర్తే తప్ప బడికి దక్కిన గుర్తింపు కాదు. ఆమె ఉద్యోగం మానేస్తే ఆ అర్హత కూడా ఆమెతోనే వెళ్లిపోతుంది. ఏ వయసు పిల్లల కోసం తీసుకున్న శిక్షణో కూడా చూడాలి. మూడు నుంచి ఆరేళ్ల వారికి, ఆరు నుంచి పన్నెండేళ్ల వారికి శిక్షణలు వేర్వేరు.

కాగితం మీద బడి పేరే ఉంటే, అది సభ్యత్వమా, అక్రెడిటేషనా అని అడగండి. ఈ రెంటినీ ఒకటిగా చూపించడం మామూలైపోయింది. సభ్యత్వమంటే, సాధారణంగా, సంఘం ఆశయాలతో ఏకీభవిస్తున్నామని తెలిపి, చందా కట్టి, పత్రికలూ సదస్సులూ సలహాలూ అందుకోవడం. అక్రెడిటేషన్ కావాలంటే బడి తన పనిని తానే పరిశీలించుకుని నివేదిక రాయాలి. ఆ తర్వాత అదే పద్ధతిలో అనుభవమున్న వారు వచ్చి తరగతుల్లో కూర్చుని చూస్తారు, లోపాలు చెబుతారు, గడువు పెట్టి గుర్తింపు ఇస్తారు. గడువు తీరాక మళ్లీ పరీక్షకు నిలబడాలి. అందువల్ల తేదీ లేని సర్టిఫికెట్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ‘మాంటిస్సోరి’ అన్న పేరు ఎవరి సొత్తూ కాదు. ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలోని శాన్ లోరెంజో పేటలో తొలి బాలల గృహం తెరిచారు. తన పద్ధతి చెదిరిపోకుండా చూడడానికి 1929లో ఏఎంఐ అనే అంతర్జాతీయ సంఘాన్ని స్థాపించారు. 1960లో అమెరికాలో మరో సంఘం ఏర్పడింది. పేరు మీద హక్కు ఎవరిదన్న తగవు 1967లో అక్కడి పేటెంట్ కార్యాలయం ముందుకు వెళ్లినప్పుడు, అది ఒక విద్యాపద్ధతిని తెలిపే సాధారణ పదమేనని, ఏ ఒక్క సంస్థకూ చెందదని తేలింది. మన ఊళ్లలో ‘కాన్వెంట్’ అన్న మాట క్రైస్తవ సన్యాసినులతో సంబంధమే లేని ఇంగ్లీషు మీడియం బడులకు పేరైపోయింది కదా, ఇదీ అంతే. 1939లో ఆమె స్వయంగా మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి వందల మందికి శిక్షణ ఇచ్చారు. అంతటి చరిత్ర ఉన్న పేరును రంగురంగుల గోడలకు, ప్లాస్టిక్ బొమ్మలకు తగిలించడం చూస్తే బాధ కలుగుతుంది.

సర్టిఫికెట్ చూశాక ఒక పూట తరగతిలో కూర్చోనివ్వమని అడగండి. మాంటిస్సోరి తరగతి పరికరాల్లో గులాబీ రంగు చెక్క ఘనాలు పది ఉంటాయి. అన్నిటికన్నా పెద్దదాని అంచు పది సెంటీమీటర్లు, చిన్నదాని అంచు ఒక్క సెంటీమీటరు. అవి పిల్లలకు అందే అరలో ఉన్నాయా, తాళం వేసిన అద్దాల బీరువాలో ఉన్నాయా చూడండి. ఆ చిన్న ఘనం పోయి తొమ్మిదే మిగిలి ఉంటే, దాన్ని వెతికించే టీచరు లేదని అర్థం. మూడు, నాలుగు, ఐదేళ్ల పిల్లలు ఒకే గదిలో కలిసి ఉన్నారా? మొదలుపెట్టిన పనిని మధ్యలో గంట కొట్టి ఆపకుండా రెండు మూడు గంటలు సాగనిస్తున్నారా? రెండో బడికి ఏ కాగితం లేకపోయినా ఇవన్నీ అక్కడ కనిపిస్తే, మీ అబ్బాయిని అక్కడ చేర్పించడానికి వెనుకాడకండి.

ప్రశ్న: మేము ఐదో తరగతి వరకు స్టైనర్ ఆలోచనల ప్రకారం చిన్న బడి నడుపుతున్నాం. ‘వాల్డార్ఫ్’ అని బోర్డు పెట్టుకోవచ్చా? అక్రెడిటేషన్ కోసం డబ్బు ఖర్చు పెట్టడం మా స్థాయి బడికి అవసరమా?
– ఒక ప్రధానోపాధ్యాయుడు, అనంతపురం జిల్లా

జవాబు: ఈ విషయంలో వాల్డార్ఫ్ దారి మాంటిస్సోరి దారికి భిన్నం. 1919లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, వాల్డార్ఫ్ ఆస్టోరియా సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం, యజమాని ఎమిల్ మోల్ట్ కోరిక మీద తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ తొలి బడిని ప్రారంభించారు. ఫ్యాక్టరీ పేరే బడికీ వచ్చింది. నేడు చాలా దేశాల్లో ఆ పేరు చట్టరక్షణ ఉన్న ముద్ర. అక్కడి వాల్డార్ఫ్ బడుల సంఘం అంగీకారం లేకుండా వాడకూడదు. మీరు ముందు వాల్డార్ఫ్ బడుల సంఘానికి రాసి, అనుమతి వచ్చేదాకా ‘స్టైనర్ విద్యాభావాల ప్రేరణతో’ అని మాత్రమే రాసుకోవడం న్యాయంగా ఉంటుంది. హైదరాబాదులో ఏళ్ల తరబడి నడుస్తున్న వాల్డార్ఫ్ బడులు ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని పెద్దదిక్కుగా చేసుకోండి.

ఖర్చు సంగతికి వస్తే, చేతిలో ఉన్న డబ్బు మొదట టీచర్ల శిక్షణకే పెట్టండి. తర్వాత సభ్యత్వం తీసుకోండి, మూడు నాలుగేళ్లు నిలదొక్కుకున్నాక అక్రెడిటేషన్ ఆలోచన చేయండి. అయితే స్వీయ పరిశీలన నివేదిక మాత్రం ఈ ఏడాదే, ఎవరూ అడగకపోయినా, మొదలుపెట్టమని మనవి. తనిఖీ అనగానే మనకు గుర్తొచ్చేది నల్లబల్ల మీద తేదీ, హాజరు పట్టిక తీర్చిదిద్ది, రికార్డులు దొంతర పెట్టుకుని, పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టిన రోజు. ఆ భయం వల్లనే స్వతంత్ర బడులు బయటివారి పరిశీలన అంటే ముఖం తిప్పుకుంటాయి. కానీ సాటి బడి టీచరు వచ్చి వెనుక బల్ల మీద కూర్చుని, ‘మీరు కథ చెప్పి బొమ్మలు వేయిస్తామని రాశారు, మరి మూడో తరగతిలో పుస్తకం చూసి రాయిస్తున్నారేమిటి?’ అని అడగడం వేరు. మీరు రాసుకున్న మాటతోనే మిమ్మల్ని కొలుస్తారు. విడిగా, దూరంగా పనిచేసే చిన్న బడికి అలా అడిగేవారు లేకపోవడమే, నా దృష్టిలో, డబ్బు లేకపోవడం కన్నా పెద్ద కొరత.

ప్రశ్న: ఇలాంటి సంఘాల గుర్తింపు ఉంటే ప్రభుత్వ గుర్తింపు లేకపోయినా ఫరవాలేదని మా పాప బడివారు అంటున్నారు. నిజమేనా?
– ఒక తండ్రి, ఏలూరు

జవాబు: నిజం కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలోని 18వ సెక్షను ప్రకారం, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు చెప్పే ప్రైవేటు బడి ప్రభుత్వ గుర్తింపు పత్రం పొందాలి. అది లేకుండా నడిపితే లక్ష రూపాయల వరకు జరిమానా పడుతుంది, ఆ తర్వాత కూడా కొనసాగిస్తే రోజుకు రూ.10,000 వరకు పడుతుంది. విదేశీ సంఘం ఇచ్చిన డిప్లొమా ఒక్కటే ఉంటే ఆ తరగతుల టీచరుకు సరిపోదు. తరగతిని బట్టి డీఎడ్ లేదా బీఎడ్ వంటి అర్హత, టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) కూడా కావాలి.

తమ పద్ధతికి చట్టం అడ్డు వస్తుందని మీ బడివారు భావిస్తే, అదే చట్టంలోని 29వ సెక్షను చూపించండి. పిల్లలు పనులు చేస్తూ, అన్వేషిస్తూ నేర్చుకోవాలని, భయం లేకుండా ఉండాలని, వీలైనంత వరకు మాతృభాషలో బోధన సాగాలని అందులోనే రాసి ఉంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో నడుస్తూనే, పిల్లల్ని ఐసీఎస్‌ఈ బోర్డు పరీక్షలకు పంపుతోంది.

మీ మండల విద్యాధికారి కార్యాలయానికి వెళ్లి, ఆ బడికి గుర్తింపు ఉత్తర్వు ఉందా, ఉంటే ఏ తరగతి వరకు, ఏ సంవత్సరం దాకా అని అడగండి. వచ్చే ఏడాది ఫీజు కట్టేలోగా ఈ పని పూర్తి చేసుకోండి.