ఆ ట్యూన్లు మీరే కట్టారనడానికి రుజువేంటి?

ప్రశ్న: మాది వరంగల్, కీబోర్డ్ ప్లేయర్ని. నేనూ, సింగరైన నా ఫ్రెండూ కలిసి ఏడాది పాటు రాత్రుళ్లు మా ఇంట్లో కూర్చుని ఆరు పాటల జానపద ఆల్బమ్ చేశాం. స్టూడియో ఖర్చు చెరిసగం. అన్నదమ్ముల్లా ఉండేవాళ్లం కదా అని కాగితం ఏం రాసుకోలేదు. 2024 జనవరిలో తన ఛానెల్లో రిలీజ్ చేసి మ్యూజిక్ దగ్గర తన పేరొక్కటే వేసుకున్నాడు, డబ్బులూ తనకే పోతున్నాయి. పాత తేదీ స్టాంపు పేపర్ తెచ్చిస్తా, అగ్రిమెంట్ రాసేద్దాం అంటున్నాడు ఒకాయన. ఏం చేయమంటారు?

జవాబు: ఆ స్టాంపు పేపర్ జోలికి అస్సలు పోకండి. ఏ పేపర్ ఎవరికి ఏ రోజు అమ్మాడో వెండర్ రిజిస్టర్లో ఉంటుంది, కోర్టు దాన్ని ఒక్కసారి తెప్పిస్తే మీ కాపీరైట్ కేసు పోయి మీ మీదే ఫోర్జరీ కేసు పడుతుంది, నిజం మీ వైపే ఉన్నా మిమ్మల్ని ఎవరూ నమ్మరు.

స్నేహం గురించి కోర్టు అడగదు. ట్యూన్ ఎవరు కట్టారు అని అడుగుతుంది. ఎవరి ముక్క ఏదో విడదీయలేనంతగా ఇద్దరూ కలిసి కడితే అది ఉమ్మడి రచన, ఇద్దరూ ఓనర్లే. ట్యూన్ అతనిది, మీరు కీబోర్డ్ మాత్రమే వాయించారని తేలితే మీకు మిగిలేది పెర్ఫార్మర్ హక్కే, అంటే వాయించినవాళ్లకి ఉండే హక్కు మాత్రమే. రికార్డింగ్ మీద హక్కు వేరు, అది దాన్ని చేయించే బాధ్యత నెత్తినేసుకున్న ప్రొడ్యూసర్‌ది, కాబట్టి స్టూడియోకి మీరు పంపిన సగం డబ్బుల బ్యాంక్ స్టేట్‌మెంట్ తీసిపెట్టండి. ఆరింట్లో పాత బతుకమ్మ బాణీలేమైనా ఉంటే అవి మీరు కట్టినవి కావు కాబట్టి వాటి ట్యూన్ మాదే అని నోటీసులో రాయొద్దు, అవతలి లాయర్ మొదట పట్టుకునేది అదే.

ఏడాది పాటు పని చేసి వాట్సాప్‌లో ఒక్క లైన్ కూడా "సగం సగం" అని రాయించుకోకపోవడం మాత్రం పెద్ద నిర్లక్ష్యం, ఇంత కష్టపడ్డ మనిషి చేయాల్సింది కాదు. సరే, ఇప్పుడు ఉన్నవైనా కాపాడుకోండి. హమ్ చేసి పంపిన వాయిస్ నోట్స్, కంప్యూటర్లో ప్రాజెక్ట్ ఫైల్స్, చాట్స్, ఏదీ ఎడిట్ చేయొద్దు, ఆ ఫోన్ అమ్మొద్దు, ఫార్మాట్ చేయొద్దు. వీటి కాపీలు కోర్టులో చెల్లాలంటే సాక్ష్యాల చట్టం, అదే భారతీయ సాక్ష్య అధినియం, సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, ఉత్త స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి ఇస్తే సరిపోదు. రిజిస్ట్రేషన్ లేదని భయపడకండి, కాపీరైట్‌కి అది తప్పనిసరి కాదు.

గడువు సంగతి. నష్టపరిహారానికి ఉల్లంఘన జరిగిన రోజు నుంచి మూడేళ్లే. పాట ఛానెల్లో ఉన్నన్నాళ్లూ ఆపమని అడిగే హక్కు ఉంటుంది గానీ పాత డబ్బు నెలనెలా చేజారిపోతుంది, రిలీజ్ రోజు నుంచీ లెక్క అడగాలంటే 2027 జనవరి లోపే దావా పడాలి.

ముందు లాయర్ నోటీసు ఇవ్వండి, అందులో పేరు, ఆదాయం లెక్కలు, మీ వాటా ఈ మూడే అడగండి. దారికి రాకపోతే మీరుండే జిల్లాలోనే దావా వేయొచ్చు, అతని ఊరు వెళ్లక్కర్లేదు. క్లెయిమ్ 3 లక్షలు, ఆపైన ఉండి అర్జెంట్ స్టే అడగకపోతే దావాకి ముందు మీడియేషన్‌కి, అంటే మధ్యవర్తి దగ్గర రాజీ ప్రయత్నానికి వెళ్లి రావాలి, ఆ టైమ్ గడువులో లెక్కపెట్టరు. అక్కడ రాజీ కుదిరితే మళ్లీ మాట మీద వదిలేయకుండా ఏ పాటలో ఎవరికెంత అని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి.